అడవి అంచు లెక్క

ఆంధ్రలోని పాతపట్నాన్ని ఆనుకునే ఒడిశాలోని పర్లాకిమిడి. మధ్యనున్న రాష్ట్రాల సరిహద్దు ఏనుగులకు పట్టదు. ఒడిశా గజపతి జిల్లాలోని లఖారి లోయ వైపు నుంచి అవి కొండల వెంట ఇటు దిగడం పాత సంగతే. 2018లో దిగిన గుంపు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 2023 మే 12న భామిని మండలం కాట్రగడ-బి దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఏనుగుల బారిన పడి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులూ ఉన్నారు.

అడవిలో మేత ఉండగా చేల మీద పడటమెందుకు? పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. గడ్డి ముదిరితే పీచే మిగులుతుంది, మాంసకృత్తులు తగ్గిపోతాయి. అందుకే పూటలకు పూటలు మేస్తూనే ఉండాలి. పాలు పట్టిన వరి, చెరకు, అరటి దొరికితే ఆ శ్రమ తగ్గుతుంది. దక్షిణాది అడవుల్లో 1980లలో రామన్ సుకుమార్ చేసిన పరిశోధన చెప్పిందిదే. సీతంపేట కొండల అనాస రుచి గురించి వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు!

మరి అడవి పక్కన సాగు ఎలా ఉండాలి? ఉన్న పొలంలోనే దిగుబడి పెంచి అడవిని అడవిగా వదిలెయ్యాలా, పొలాల్లోనే చెట్టూ చేమా ఉంచి జీవాలకు చోటివ్వాలా? 2005లో రీస్ గ్రీన్ బృందం ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ వాదన ఊపందుకుంది. కొన్ని రకాల పిట్టలకు రెండో పద్ధతి నప్పవచ్చు. ఏనుగు దగ్గరికొచ్చేసరికి, సాగు ఎన్ని ఎకరాలన్నదాని కన్నా ఆ ఎకరాలు ఎలా పరుచుకున్నాయన్నదే ముఖ్యం.

లెక్క వేసి చూడండి. అడవి మధ్యలో చదరపు కిలోమీటరు నేలను నలుచదరంగా, ఒకే చెక్కగా సాగుచేస్తే చుట్టూ అంచు 4 కిలోమీటర్లు. అదే విస్తీర్ణాన్ని 250 మీటర్ల భుజంతో 16 ముక్కలుగా అక్కడక్కడా కొడితే అంచు 16 కిలోమీటర్లు. సాగు సెంటు కూడా పెరగలేదు, కాపలా కాయాల్సింది మాత్రం నాలుగింతలైంది. పగలు చెట్ల చాటున నిలబడి చీకటి పడ్డాక చేలో దిగే జంతువుకు ఇంతకన్నా అనువైనది ఏముంటుంది?

పోడు ముక్కలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో పోడు చేసుకునే సవర గిరిజనులను తప్పుపట్టేదేమీ లేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి గిరిజనులు సాగుచేస్తున్న అటవీ భూమిపై హక్కును 2006 నాటి చట్టమే గుర్తించింది. ఆ భూములను లాక్కోవడం న్యాయం కాదు, కుదిరేదీ కాదు. నాకు తోచేదల్లా, ముక్కల మధ్య మిగిలిన అడవి పాయలు ఇకపై తెగకుండా చూడాలని. కొండ నుంచి కొండకు, అక్కడి నుంచి నీటికి చెట్ల నీడన దారి ఉంటే గుంపు చేలకు అడ్డం పడి నడవాల్సిన అవసరం తగ్గుతుంది. అంచు వరసలో ఏనుగు అంతగా ఇష్టపడని పసుపు, అల్లం, మిరప వేసుకోవచ్చు. సీతంపేట ఏజెన్సీకి పసుపు, అల్లం కొత్తేమీ కాదు.

అయితే పసుపు చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. అంతదాకా ఇంట్లో తిండిగింజలుండాలి. అడవికి దూరంగా వరి మడి ఉన్న రైతుకు ఈ సలహా నడుస్తుంది. ఉన్న కాస్త మడీ అంచునే ఉన్న రైతుకు నడవదు. ఆయనకు నష్టపరిహారమైనా మళ్లీ విత్తనాలు కొనే వేళకు అందాలి.