సాగరగర్భంలో ఒక పేరు కోసం

సముద్రునికి రత్నాకరుడని పేరు. ముత్యాలు, పగడాలే కాక మానవుడు నిర్మించిన ఓడలు కూడా ఎన్నో ఆ గర్భంలో నిద్రిస్తున్నాయి. వాటిని వెదకుతూ అగాధ జలాలలోకి దిగే సాహసికులు కొందరున్నారు. చూసేవారికి ఇది కండబలంతో కూడిన పనిగా తోచవచ్చు. నిజానికి ఈ విద్యలో క్రమశిక్షణకే అగ్రస్థానం. అందుకు నిదర్శనంగా అమెరికా తీరాన జరిగిన ఒక అన్వేషణను పాఠకుల ముందుంచుతున్నాము.

1991 సెప్టెంబరులో బిల్ నేగల్, జాన్ చాటర్టన్ మొదలైనవారు న్యూజెర్సీ తీరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, దాదాపు 70 మీటర్ల లోతులో ఒక జలాంతర్గామిని కనుగొన్నారు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి జర్మన్ నౌక అని త్వరలోనే తేలింది. కాని ఆ ప్రాంతంలో అటువంటి నౌక మునిగినట్లు ఏ రికార్డులోనూ లేదు. లోపల నావికుల అస్థికలున్నాయి. వారెవరన్నదే ప్రశ్న.

ఆ లోతు ఎటువంటిదో ఒకసారి యోచిద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 70 మీటర్ల వద్ద అది ఒడ్డున ఉన్నదానికి ఎనిమిది రెట్లు. ఆ పీడనంలో మామూలు గాలిని పీల్చితే అందులోని నత్రజని మత్తు కలిగిస్తుంది. వివేకం మందగిస్తుంది, చిన్న చిక్కు కూడా కొండంతగా కనిపిస్తుంది. ప్రాణాన్ని నిలిపే ప్రాణవాయువే అక్కడ విషతుల్యమై మూర్ఛ తెప్పించవచ్చు. అందువలన గాలిలో కొంత భాగానికి బదులు హీలియం కలిపిన ట్రైమిక్స్ అనే మిశ్రమాన్ని వాడతారు. 1990ల తొలినాళ్లలో అది వినోదం కోసం దిగే డైవర్లకు ఇంకా కొత్త.

దిగడం ఒక ఎత్తు, పైకి రావడం మరొక ఎత్తు. గోలీసోడా కొట్టగానే బుడగలు ఎలా పొంగుతాయో మనకు తెలుసు. తొందరపడి పైకి వస్తే రక్తంలోను, కణజాలంలోను కరిగి ఉన్న వాయువు కూడా అలాగే పొంగి ప్రాణం తీయగలదు. కనుక అడుగున 25 నిమిషాలు పనిచేసిన వ్యక్తి, మజిలీలలో ఆగుతూ, పైకి చేరేసరికి గంటకు పైగా పడుతుంది.

ఇక నౌక లోపలి సంగతి. విశాఖపట్నం సాగరతీరాన ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మనలో చాలామంది చూసే ఉంటారు. వెలుతురులో, పొడినేల మీద నడిచినా ఆ దారులు ఇరుకే. అటువంటి చోట కటికచీకటి, వేలాడే తీగలు, వీపున సిలిండర్లు ఉన్నాయని ఊహించండి. కాలు అదాటుగా కదిలితే చాలు, ఒండ్రు లేచి తన చేయి తనకే కనిపించదు. అందుకే ప్రతి ముఖ్య పరికరం రెండేసి ఉంచుకుంటారు. వెళ్లడానికి మూడో వంతు వాయువు, తిరిగి రావడానికి మూడో వంతు, ఆపదకు మిగిలిన మూడో వంతు అని లెక్క కట్టుకుంటారు.

ఈ అన్వేషణ ముగ్గురిని బలిగొన్నది. 1991లో ఒక డైవరు అడుగునే స్పృహ తప్పి మరణించాడు. 1992లో ఒక తండ్రీకొడుకులు దిగగా, కొడుకు లోపల చిక్కుకుపోయాడు. తండ్రి అతనిని విడిపించాడు, కాని మజిలీలలో ఆగకుండా ఇద్దరూ పైకి వచ్చేశారు. ఇద్దరూ దక్కలేదు.

అప్పటికే చాటర్టన్‌కు ఒక కత్తి దొరికింది. దాని పిడిపై హోరెన్‌బర్గ్ అనే పేరు చెక్కి ఉంది. ఆ పేరుగల నావికుడు యు-869 అనే నౌకలో పనిచేశాడు. అయితే ఆ నౌక జిబ్రాల్టర్ సమీపాన మునిగిందని యుద్ధానంతర రికార్డులు చెప్పేవి. చాటర్టన్, రిచీ కోలర్ పట్టు విడవలేదు. అస్థికల మధ్య వెదికితే ఆనవాలు త్వరగా దొరికేదేమో. మృతుల పట్ల గౌరవంతో వారు ఆ పని చేయలేదు. 1997లో చాటర్టన్ సిలిండరును వీపు నుండి తీసి, ఇరుకు సందు గుండా విద్యుత్ మోటార్ల గదిలోకి దూరాడు. ఆ తెగింపును మేము ఆదర్శంగా చూపడం లేదు. అది నియమాలన్నిటికీ విరుద్ధం, ఆయన బయటపడటం అదృష్టం. మేము మెచ్చేది అంతకు ముందరి ఆరేళ్ల ఓర్పును, గడువు ముగియగానే ఉత్తచేతులతో వెనుదిరిగిన వివేకాన్ని.

చివరకు రహస్యాన్ని విప్పినది బంగారమూ కాదు, ఫిరంగీ కాదు. విడిభాగాల పెట్టెకున్న చిన్న బిళ్ల. దానిపై యు-869 అని స్పష్టంగా ఉంది. జిబ్రాల్టర్‌కు మళ్లమని పంపిన ఆదేశం ఆ నౌకకు అందలేదని, అది మొదటి ఆజ్ఞ ప్రకారమే అమెరికా తీరానికి వచ్చిందని చరిత్రను సరిదిద్దవలసి వచ్చింది. తరువాత కోలర్ జర్మనీ వెళ్లి ఆ నావికుల బంధువులను కలిశాడు. తమవారు ఎక్కడ విశ్రమిస్తున్నారో అర్ధశతాబ్దం తరువాత వారికి తెలిసింది.

స్టోర్సులో విడిభాగాలకు చీటీలు కట్టే మన సోదరులకు ఈ కథ ప్రత్యేకంగా నచ్చుతుందని మా నమ్మకం. ఎవరో అజ్ఞాత ఉద్యోగి తన పనిగా భావించి శ్రద్ధగా బిగించిన ఆ బిళ్ల 52 ఏళ్లు ఉప్పునీటిలో నిలిచి, 56 మంది నావికుల ఆచూకీని లోకానికి తెలిపింది.