బందరు లడ్డు పక్కన ఏ జున్ను?

మచిలీపట్నం: బందరు పేరు చెబితే ఆబాలగోపాలానికీ నోరూరేది లడ్డుకే. 2017లో భౌగోళిక గుర్తింపు సైతం పొందిన ఈ తొక్కుడు లడ్డును చుట్టాల ముందు పెట్టేటప్పుడు, పళ్ళెంలో దానికి తోడు ఏం పెట్టాలన్నది మాత్రం ఇంటికో తీరుగా ఉంటోంది. కారప్పూస సరే. పాడి ఉన్న ఇంట్లో పాలతో చేసినదేదో పెట్టాలని మనసు లాగుతుంది. కోవా పెట్టాలా, పనీరా, జున్నా? ఇప్పుడు పట్నం కొట్లలో చీజు కూడా దొరుకుతోంది.

తీపితో చీజు తినడం వింతేమీ కాదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ వాసులు ఎండుద్రాక్షలు దట్టించిన కేకును చీజు ముక్కతోనే తింటారు. తీపికి కాస్త ఉప్పు తగిలితే రుచి నిలబడుతుందని వారి లెక్క. చీజుకు పేరుపడ్డ హాలండు దేశస్థులు 1605లోనే బందరులో వర్తక స్థావరం పెట్టారు. వారి సమాధులు ఊళ్ళో ఈనాటికీ ఉన్నాయి గాని, వారి చీజు మాత్రం మన వంటిళ్ళకు ఎక్కలేదు.

నిఘంటువుల్లో చీజుకు ‘జున్ను’ అని అర్థం రాశారు. నిజానికి రెండూ ఒకటి కావు. పాలను విరిచి, నీరు పిండి, ఉప్పు పట్టించి నిలవ చేసేది చీజు. ఈనిన గేదె తొలి రెండు మూడు రోజుల పాలను ఆవిరి మీద పెడితే దానంతటదే గడ్డకట్టేది జున్ను. నిమ్మరసం చుక్క కూడా అక్కర లేదు. ఆ పాలలో మాంసకృత్తులు అంత దండిగా ఉండటమే కారణం.

ఇక లడ్డు సంగతి. శనగపిండిని పూసగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో పోసి, నెయ్యి తగిలిస్తూ రోకలితో మళ్ళీ తొక్కితే గాని అది తయారు కాదు. అంత నెయ్యి, అంత బెల్లం ఉన్నదాని పక్కన కోవా పెడితే మొగం మొత్తుతుంది. పనీరు చప్పన, పైగా పొడిపొడి. దీనికి కావలసింది చల్లగా, తడిగా, తీపి తక్కువగా ఉండేది. జున్నే తగినది. అయితే మామూలుగా వేసే బెల్లంలో సగం తగ్గించి, మిరియాలపొడి ఎక్కువ వేయాలి. మొదటి పూట పాలు మరీ చిక్కన. వాటికి రెండింతలు మామూలు పాలు కలపకపోతే జున్ను రాయిలా బిగుస్తుంది. రెండో రోజు పాలకు సమంగా కలిపితే చాలు. లడ్డుకు ఈ రెండో రోజు జున్నే మెత్తగా ఒదుగుతుంది.

రెండో రోజు పాలు అనడానికి రుచి కంటే పెద్ద కారణం మరొకటి ఉంది. తొలి పాలు దూడవి. జబ్బులను తట్టుకునే శక్తి దూడకు ఆ ముర్రుపాల వల్లనే వస్తుంది. ఒక రోజు గడిస్తే ఎన్ని తాగినా ఆ శక్తి ఒంటికి పట్టదు. పుట్టిన గంటలోపే మొదటి విడత తాగించాలి. ముప్పై కిలోల దూడకు రోజుకు మూడు లీటర్లయినా, మూడు నాలుగు విడతలుగా పట్టాలి. మాయ పడేదాకా పాలు తీయరాదనే పాత నమ్మకం కొన్ని పల్లెల్లో ఇంకా ఉంది. అది దూడ ప్రాణాల మీదికి తెస్తుంది. కాచితే విరుగుతాయి కనుక పాలకేంద్రాలు ఈ పాలు తీసుకోవు. దాంతో గుడివాడ, బందరు వంటి పట్నాలలో మంచి ధర పలికే జున్నుపాల మీదికి ఆశ పోతుంది. దుక్కికి ట్రాక్టర్లు వచ్చాక గిరాకీ తగ్గిన దున్నదూడకే ముందు అన్యాయం జరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో పశువులను పోగొట్టుకున్న దివిసీమ వారికి దూడ విలువ వేరే చెప్పనక్కర లేదు.

బజారులో కొనే జున్నును కాస్త చూసి తీసుకోవాలి. చైనాగ్రాసు, పాలపొడి వేసి బిగించినది గాజుపలకలా నున్నగా ఉంటుంది. అసలు జున్నును కోస్తే లోపల సన్నటి బెజ్జాలు కనబడతాయి.

లడ్డు రెండు వారాలు నిలవ ఉంటుంది. జున్ను మర్నాటికే పులుస్తుంది. కనుక గేదె పొదుగు దించినది కనబడగానే, బందరు బస్సెక్కేవారెవరికైనా లడ్డు పురమాయించుకోవడం మేలు.