చేప చెవిలో నది చిరునామా

వానాకాలంలో గుజరాత్ తీరపు చేపల బజార్లలో బుట్టనిండా వెండిలా మెరిసే చేప ఒకటి కనిపిస్తుంది. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే తెలుగువారు దాన్ని చూస్తే 'పులస!' అని సంబరపడతారు. గోదావరి జిల్లాల వాళ్ళు మాత్రం ఒప్పుకోరు. వారి లెక్కలో సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. జీవశాస్త్రం దృష్టిలో రెండూ ఒకే జాతి. బెంగాలీల ఇలిష్, సింధీల పల్లా కూడా అదే. ఇంగ్లీషులో హిల్సా అంటారు.

ఈ చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎక్కుతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలో గడిపి సముద్రానికి దిగుతాయి. మరి సూరత్ దగ్గర సముద్రంలో వలకు చిక్కిన హిల్సా ఏ నది బిడ్డ? తాపీదా, నర్మదదా? పైకి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. జవాబు దాని తలలోనే ఉంది.

చెవిరాళ్ళ దినచర్య

చేపలకు బయటికి కనిపించే చెవులు లేవు. కాని తల లోపల, మెదడుకు ఇరుపక్కలా, మూడు జతల చిన్న రాళ్ళుంటాయి. వీటిని ఓటోలిత్‌లు, అంటే చెవిరాళ్ళు అంటారు. శరీరపు సమతూకానికీ, వినికిడికీ ఇవి అవసరం. ఇవి ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతాయి. చేప పెరిగేకొద్దీ రాయి మీద పొర మీద పొర చేరుతుంది. చిన్న చేపల్లో రోజుకొక పొర ఏర్పడుతుందని 1971లో పన్నెల్లా అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఎముకలోని ఖనిజాన్ని శరీరం అవసరాన్నిబట్టి తిరిగి వాడుకోగలదు. చెవిరాతి జోలికి మాత్రం పోదు. ఒకసారి చేరిన పొర చేప బతికినంతకాలం అలాగే ఉంటుంది.

పొర చేరేటప్పుడు నీటిలోని స్ట్రాన్షియం కూడా కొద్దిగా అందులోకి వస్తుంది. రసాయన గుణాల్లో అది కాల్షియానికి దగ్గరి బంధువు. కాబట్టి కాల్షియం కూర్చోవలసిన చోట కొన్నిసార్లు స్ట్రాన్షియం కూర్చుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం ఉంటుంది. నదుల్లో సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. అందువల్ల చేప ఎప్పుడు మంచినీటిలో ఉందో, ఎప్పుడు ఉప్పునీటికి దిగిందో పొరలను బట్టి తెలుసుకోవచ్చు.

రాతి సంతకం

అయితే ఏ మంచినీరు? దీనికి స్ట్రాన్షియం ఐసోటోపులు ఆధారం. రుబీడియం-87 అనే రేడియోధార్మిక పరమాణువు అతి నెమ్మదిగా స్ట్రాన్షియం-87గా మారుతుంది. దాని అర్ధాయుష్షు దాదాపు 4,900 కోట్ల సంవత్సరాలు. స్ట్రాన్షియం-86 మాత్రం ఇలా కొత్తగా పుట్టదు. అందువల్ల రుబీడియం ఎక్కువగా ఉన్న పురాతన గ్రానైట్, నైస్ రాళ్ళలో 87కూ 86కూ ఉన్న నిష్పత్తి పెరుగుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కను నల్లరాతిలో సాధారణంగా తక్కువగా ఉంటుంది.

తాపీ నది ఎక్కువ దూరం ఈ నల్లరాతి మీదే ప్రవహిస్తుంది. గోదావరి కూడా ఆ రాతి మీదే మొదలవుతుంది. కాని దిగువన బస్తర్ ప్రాంతపు అతి పురాతన శిలలను కడిగిన ఇంద్రావతి, శబరి నీళ్ళు అందులో కలుస్తాయి. రాయి ఏదో నీటికి తెలుసు, నీరు ఏదో చేపకు తెలుసు!

అమెరికాలో కనెక్టికట్ నది ఉపనదుల్లోని సాల్మన్ పిల్లలను ఈ పద్ధతిలో వేరుచేయవచ్చని 1997లో కెనెడీ, ఆయన సహచరులు వెల్లడించారు. 2015లో అలాస్కాకు చెందిన నుషగాక్ నదిలో, పట్టుబడిన సాల్మన్ చేపలు ఆ నదీ వ్యవస్థలోని ఏ భాగంలో పుట్టాయో కూడా చెప్పగలిగారు. చెవిరాతిని పలచగా అరగదీసి, మధ్యనుంచి అంచుదాకా లేజర్ కిరణంతో గీస్తారు. ఎగిరిన ధూళిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పరీక్షిస్తారు. సరిగ్గా మధ్యభాగాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోరు. గుడ్డులోని పచ్చసొనను తల్లి సముద్రంలో ఉన్నప్పుడే తయారుచేసి ఉండవచ్చు కనుక, అక్కడ తల్లి సంతకం కలిసిపోతుంది. హిల్సా చెవిరాళ్ళ మీద కూడా ఇటువంటి పరిశోధనలు జరిగాయి. బంగాళాఖాతపు హిల్సా గురించి మిల్టన్, చెనరీ 2000 తరువాతి సంవత్సరాల్లో వ్యాసాలు ప్రచురించారు.

ఎక్కడ తడబడుతుంది?

ఈ పద్ధతికి హద్దులున్నాయి. నదిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము స్ట్రాన్షియం ఉందనుకోండి. అందులో నూటికి 5 పాళ్ళు సముద్రపు నీరు కలిస్తే దానితోపాటు 0.4 మిల్లీగ్రాము వస్తుంది. అంటే మిశ్రమంలోని స్ట్రాన్షియంలో నాలుగు వంతులు సముద్రానివి, ఒక వంతే నదిది! సముద్రంలో 87, 86ల నిష్పత్తి ప్రపంచమంతటా దాదాపు ఒక్కటే, 0.7092. కాబట్టి నదీముఖంలోని ఉప్పుకలిసిన నీటిలో పెరిగిన పిల్ల మీద నది సంతకం మసకబారుతుంది. ఒకే రకం రాళ్ళమీద ప్రవహించే రెండు నదుల సంతకాలు కూడా ఒకేలా ఉండవచ్చు. నర్మద కూడా చాలాచోట్ల నల్లరాతినే కడుగుతుంది. అందుకే బేరియం వంటి ఇతర మూలకాలను కూడా కొలుస్తారు. అంతకంటే ముందు ప్రతి నది నీటినీ రుతువువారీగా పరీక్షించి పటం తయారు చేసుకోవాలి. పటం లేకపోతే సంతకం ఉన్నా అది ఎవరిదో చెప్పలేం.

ఎందుకింత శ్రమ?

తాపీ మీద సూరత్‌కు ఎగువన ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తయింది. నర్మద మీద సర్దార్ సరోవర్‌ను 2017లో జాతికి అంకితం చేశారు. గోదావరిలో ఎదురీదే పులసకు ధవళేశ్వరం దగ్గర బ్యారేజి అడ్డు. సముద్రంలో పట్టే హిల్సాలో ఎక్కువభాగం ఒకే నది నుంచి వస్తోందని తేలితే, ఆ నదిలో నీరు తగ్గినప్పుడు నష్టం ఆ ఒడ్డుతో ఆగదు. తీరం పొడవునా వలలు ఖాళీ అవుతాయి. ఏ నదికి ఏ నెలలో ఎంత నీరు వదలాలి, ఎక్కడ పిల్లచేపల వేట ఆపాలి అన్న నిర్ణయాలకు ఈ లెక్క కావాలి.

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్నది గోదావరి ఒడ్డున పుట్టిన సామెత. ఈసారి పులస ఇంటికి వస్తే, వండేముందు పెద్దవారి సాయంతో తలలో ఆ చిన్న తెల్లరాళ్ళను వెతకండి. ఆ చేప తిరిగిన నీళ్ళన్నీ పొరలు పొరలుగా వాటిలో ఉన్నాయి.