కొండకూ కడలికీ మధ్య సైకిలు దారి

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సముద్రపు ఒడ్డున సాగే దారిని బస్సులోనో కారులోనో చూసినవారు మన పాఠకులలో చాలామంది ఉంటారు. సైకిలు మీద చూసినవారు తక్కువ. ఒక ప్రక్క తూర్పు కనుమల కొండలు, మరొక ప్రక్క బంగాళాఖాతము, ఈ రెంటి నడుమ 30 కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం. మా సంఘపు యౌవనస్థులతోను, కొన్ని కుటుంబాలతోను కలిసి కొన్నేళ్లుగా మేము ఈ దారిలో సైకిళ్లపై వెళ్లి వస్తున్నాము. ఆ వివరాలు తమకు కూడా తెలపమని ఇతర సంఘాల సహోదరులు అడుగుతున్నందున, దేవుని కృపను బట్టి మాకు తెలిసినంత మట్టుకు వ్రాస్తున్నాము.

సైకిలు మన సంఘాలకు కొత్తది కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నంలో దిగి, తెలుగు నేర్చుకొని సువార్త పని ప్రారంభించిన నాటికి లోకంలో సైకిలు లేదు, నిజమే. కాని తరువాతి తరాల పల్లె సువార్తికులకు కాళ్లూ అదే, కాడెద్దులూ అదే. వెనుక క్యారియరుకు బైబిలు సంచి, హ్యాండిలుకు అన్నం క్యారియరు, గుడ్డలో చుట్టిన కంజిర. ఆ కాపరులలో కొందరి పేర్లు మరచిపోయిన పెద్దలు కూడా వారి సైకిలు బెల్లు చప్పుడును ఇంకా తలచుకుంటారు. ఇప్పుడు మన ఆవరణల్లో మోటారు వాహనాలు నిలుపుటకే చోటు చాలడం లేదు. దాని గురించి మరొకప్పుడు.

ముందుగా ఒక మాట. ఆదివారపు ఆరాధన మానుకొని చేసే ప్రయాణం కాదు ఇది. మేము రెండవ శనివారాన్ని ఎంచుకుంటాము. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర కలుసుకొని, చిన్న ప్రార్థన చేసుకొని, వెలుతురు రాగానే కదులుతాము. చీకటిలో ఎవరినీ తొక్కనివ్వము.

తెన్నేటి పార్కు వరకు దారి తేలికే. అక్కడ నుండి కైలాసగిరి కొండ రోడ్డు మీదికి వంగినట్టు దగ్గరవుతుంది, మొదటి ఎత్తు మొదలవుతుంది. సాగర్ నగర్, ఋషికొండ, మంగమారిపేట దాటేవరకు ఇలాంటి ఎత్తుపల్లాలే. పెద్ద ఘాట్ ఒక్కటీ లేదు గాని, చిన్నవి ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. కుర్రవాళ్లు మొదటి రెండు ఎత్తులను నిలబడి తొక్కి, ఋషికొండ చేరేసరికే తొడలు పట్టేశాయంటారు. సీటు మీద కూర్చొనే, శ్వాస ఆడేంత నిదానంగా ఎక్కాలి. గేర్లు ఉన్నవారు ఎత్తు రాకముందే గేరు తగ్గించుకోవాలి. గేర్లు లేని మామూలు సైకిలు అయితే దిగి నడిపించుకొని వెళ్లడంలో సిగ్గేమీ లేదు. అసలు జాగ్రత్త దిగేటప్పుడు కావాలి. రెండు బ్రేకులూ కలిపి, విడిచి విడిచి పట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టితే మనిషి హ్యాండిలు మీదుగా పడతాడు. మలుపుల్లో రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటుంది. ఇసుక మీద బ్రేకు పట్టరాదు, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

గాలి సంగతి చాలామంది ఆలోచించరు. ఈ దారి ఈశాన్యంగా సాగుతుంది. వేసవిలో పైరగాలి నైరుతి నుండి, తీరం వెంబడే వీస్తుంది. పోయేటప్పుడు వీపు మీద చేయి వేసి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. తమ బలమే అనుకొని పిల్లలు పొంగిపోతారు. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు నిలుస్తుంది, పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. కాబట్టి వేసవిలో భీమిలి వరకు వెళ్లాలా, మంగమారిపేట దగ్గరే వెనుదిరగాలా అన్నది పోయేటప్పటి హుషారును చూసి నిర్ణయించకూడదు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అన్ని విధాలా అనుకూలం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని దాటినప్పుడు ఎన్ని చెట్లు కూలిపోయాయో విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. దారిలో నీడ ఉంటుందిలే అనుకోకుండా తలకు గుడ్డ, మనిషికి రెండు సీసాల నీళ్లు తప్పక పెట్టుకోవాలి.

మా వరుసకు ఒక కట్టుబాటు ఉంది. అందరికంటె మెల్లగా తొక్కేవారు ముందు ఉంటారు, గట్టివారు వెనుక. ఆదికాండము 33వ అధ్యాయంలో ఏశావు కలిసి ప్రయాణం చేద్దామంటే యాకోబు ఒప్పుకోలేదు. వెంట చిన్నపిల్లలు, పాలిచ్చే పశువులు ఉన్నందున వారి నడకను బట్టే కదులుతానన్నాడు. (ఆ మాట వెనుక యాకోబుకు వేరే భయాలు కూడా ఉన్నాయి, అది వేరే ప్రసంగం.) మా కుర్రవాళ్లకు ఈ కట్టుబాటు మొదట నచ్చలేదు. "అయ్యగారూ, ఇలాగైతే మధ్యాహ్నం అయిపోతుంది" అని సణిగారు. కాని ముందున్నవారు మెల్లగా పోతే ఎవరూ తప్పిపోరు, పంక్చరు పడినవాడు ఒంటరిగా మిగిలిపోడు. పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోవడం మాత్రం ఈ రోడ్డులో ప్రమాదం. శనివారం కార్ల రద్దీ ఎక్కువ. ఒకరి వెనుక ఒకరే పోవాలి.

మంగమారిపేట దగ్గర ఎడమ చేతికి తొట్లకొండ దారి వస్తుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, రెండువేల ఏళ్లనాటి బౌద్ధ ఆరామము అక్కడ ఉంది. 1988 నుండి 1993 వరకు పురావస్తు శాఖవారు త్రవ్వి వెలికితీశారు. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టి ఆ పేరు. వాన నీటిని పట్టి దాచుకొని ఆ సన్యాసులు అంత ఎత్తున కాపురముండిన విధానాన్ని మన పిల్లలకు తప్పక చూపించాలి. మతం వేరైనా ఆ క్రమశిక్షణ గౌరవించదగినది. అయితే ఆ కొండదారి నిటారుగా ఉంటుంది. మా గుంపులో చాలామంది అక్కడ దిగి సైకిళ్లు తోసుకొంటూ ఎక్కుతారు.

ఆ దారిలో జరిగిన ఒక సంగతి, ఆ కుటుంబం అనుమతితోనే వ్రాస్తున్నాము. మా సంఘ సభ్యులలో ఒకాయన, "అయ్యగారూ, ఆడపిల్లని ఆ రోడ్డు మీదికి ఎలా పంపమంటారు?" అని అడిగారు. "పంపవద్దు, మీరే తీసుకొని రండి" అన్నాము. "నేను సైకిలెక్కి పాతికేళ్లయిందండీ" అన్నారు. "సైకిలుకు ఆ సంగతి తెలియదు లెండి" అన్నాము. ఆ ఏడు అమ్మాయికి ఇంటరులో లెక్కలు పోయాయి. ఫలితాలు వచ్చిన నాటి నుండి ఇంట్లో తండ్రీ కూతుళ్లకు మాటలు లేవు. ఏం కావాలన్నా తల్లి ఇద్దరి మధ్య తిరుగుతూ ఉండేది. ఆ సంగతి మాకు తెలుసు. తొట్లకొండ మొదటి మలుపులోనే ఆయనకు ఆయాసం వచ్చింది. ముందు పోతున్న అమ్మాయి ఆగి, "నాన్నా, దిగు. నడిచే వెళ్దాం" అంది. మేము మిగతావారిని ముందుకు పొమ్మని చెప్పి, వారికి వినబడనంత దూరంలో వెనుక నడిచాము. తోసుకొంటూ పోయే సైకిలు మనిషికి ఒక మంచి సాకు. ముఖాలు చూసుకోనక్కరలేదు. సగం కొండ వరకు ఆయనే మాట్లాడారు, తరువాత ఆయన తలవంచుకొని వింటూ నడిచారు. రెండేళ్లుగా ఆమె లెక్కలు తనకు రావని చెబుతూనే ఉందట. ఆ సంగతి ఆయన తరువాత మాతో చెప్పారు. సప్లిమెంటరీ వ్రాసి ఆ అమ్మాయి గట్టెక్కింది. పై చదువు ఏదన్నది ఇద్దరూ కూర్చొని తేల్చుకొన్నారు. ఆయన ఇప్పుడు మా వరుసలో మొదట ఉంటారు, మెల్లగా తొక్కేవారిలో ఆయనే ముందు గనుక.

తొట్లకొండ దాటాక దారి కొంత విశ్రాంతినిస్తుంది. తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, చేపలు ఎండబెట్టిన పల్లెలు. భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఎర్ర ఇసుకను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అక్కడ సైకిళ్లు రోడ్డు మీదే నిలిపివేయాలి. చక్రం పోయిన చోట చాలు పడుతుంది, వాన నీరు ఆ చాలు వెంబడి దిబ్బను కోసేస్తుంది. పిల్లలు జారుడుబల్ల ఆడతామంటే ఒప్పుకోవద్దు.

భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత ఊరు అది. డచ్చివారి సమాధులు, దీపస్తంభము, పాత దేవాలయము చూసి, ఇడ్లీ పొట్లాలు విప్పుకొని, ఒక కీర్తన పాడుకొని గంటసేపు ఉంటాము. తిరిగి రావడానికి తగరపువలస మీదుగా జాతీయ రహదారి ఎక్కుదామని కొందరంటారు. కుటుంబాలతో అది వద్దు, లారీల వేగం తట్టుకోలేము. వచ్చిన దారినే రావాలి. అలసిన వారు సిటీ బస్సెక్కవచ్చు, వారి సైకిళ్ల కోసం ఒక ట్రాలీ ఆటోను ముందుగానే మాట్లాడి ఉంచుతాము. బస్సెక్కినవారిని ఎవరూ ఎగతాళి చేయరాదన్నది కూడా మా కట్టుబాటే.

యారాడ కొండదారి గురించి కూడా అడుగుతున్నారు. అందమైనదే. కాని కొండెక్కి అవతల సముద్రం దగ్గరకు దిగాక, మళ్లీ ఆ కొండే ఎక్కి రావాలి. పదహారేళ్లు దాటి, బ్రేకులు బాగున్నవారితోనే వెళ్తాము.

ఇక సైకిలు సంగతి. బయలుదేరే ముందు రోజు గాలి కొట్టించి, బ్రేకు రబ్బర్లు అరిగాయేమో చూసి, గుంపుకు ఒక పంపు, పంక్చరు సామాను పెట్టుకోవాలి. పెడలు క్రిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేంత ఎత్తున సీటు ఉంచుకోవాలి. మోకాళ్ల నొప్పులలో చాలావరకు సీటు తక్కువగా ఉండడం వలననే. ఇంటికి రాగానే ఎంత అలసట ఉన్నా సైకిలును మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైనుకు నూనె వేయాలి. సముద్రపు ఉప్పుగాలికి ఒక్క వారంలో చైను తుప్పు పడుతుంది. మా దగ్గర ఆ పని శనివారం సాయంత్రమే, మందిరం వెనుక కొళాయి దగ్గర అందరూ కలిసి చేస్తారు.