కిటికీ వెడల్పెంత తాతయ్యా?

మా అబ్బాయి వాళ్ళుండేది కొండాపూర్‌లో, పదిహేడో అంతస్తు. హాల్లో పడమటి గోడకి పెద్ద కిటికీ. ఫ్లాటు కొన్నప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ చెట్లు కనిపిస్తాయని అందరూ దాన్ని చూసే మురిసిపోయారు. మార్చి వచ్చాక గాని తెలిసిరాలేదు, మూడింటికి లోపలికొచ్చిన ఎండ ఆరు దాటితే గాని పోదని. కోడలిది సగం రోజులు ఇంటి నుంచే ఆఫీసు. లాప్‌టాప్ తెర మీద అక్షరాల బదులు తన మొహమే కనిపిస్తోందని రోలర్ బ్లైండు ఆర్డరిచ్చింది. కొలత తనే తీసింది.

బ్లైండు వచ్చింది. గూట్లో దూరలేదు. బిగించడానికొచ్చిన కుర్రాడు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, "మేడమ్, కొలత తప్పిచ్చిన్రు" అన్నాడు. కోడలు నా వంక చూసింది. "మావయ్యగారూ, నేను రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ 160.6 సెంటీమీటర్లే వచ్చింది."

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. రెండుసార్లూ ఒకే చోట కొలిచింది, అంతే. చేతికందే చోట, కింద.

ముప్పై ఏళ్ళు ఫిజిక్సు పాఠాలు చెప్పిన ప్రాణం ఊరుకుంటుందా? మనవరాల్ని స్టూలెక్కించి టేపిచ్చాను. కింద 160.6. మధ్యలో 160.1. పైన 159.6. బ్లైండు బ్రాకెట్లు బిగించేది పైనే కదా! షాపువాళ్ళు అర సెంటీమీటరు తగ్గించి 160.1 చేసి పంపారు, పాపం. అయినా పైన అర సెంటీమీటరు ఎక్కువే.

"అయితే ఈ కిటికీ వెడల్పెంత తాతయ్యా?" అంది మనవరాలు. మంచి ప్రశ్న. గోడ కట్టింది మనుషులు. మేస్త్రి గిలాబు ఒకచోట మందంగా వేస్తాడు, పెయింటరు పుట్టీ మూలల్లో దట్టిస్తాడు. కాబట్టి గూటి లోపల బిగించే బ్లైండుకి పైనా మధ్యా కిందా మూడు చోట్లా కొలిచి, అన్నిటికంటే చిన్నది ఇవ్వాలి. సగటు తీస్తే బ్లైండు సగటుగా ఇరుక్కుంటుంది. అదే గూటి బయట గోడకి బిగించేదైతే లెక్క తిరగబడుతుంది: పెద్ద కొలత తీసుకుని, రెండు పక్కలా ఇంకొంచెం కలపాలి. ఇంకో మాట కూడా షాపువాడితో ముందే తేల్చుకోవాలి, మనమిచ్చేది గూటి కొలతా, బ్లైండు కొలతా అని. లేకపోతే మనమొక అర సెంటీమీటరు, వాళ్ళొక అర సెంటీమీటరు తగ్గించి, రెండు పక్కలా ఎండకి దారి వదులుతాం.

ఈలోగా మనవరాలు టేపు కొన పట్టుకుని, "తాతయ్యా, ఈ కొక్కెం వదులైపోయింది, కొట్టనా?" అంది. సుత్తి ఎక్కడుందో కూడా చూసేసింది! ఆ కొక్కెం వదులుగా ఉండటమే దాని పనితనం. రివెట్ల చుట్టూ కొక్కెం మందమంత, అంటే ఒక మిల్లీమీటరంత, ఆట వదులుతారు. బల్ల అంచుకి తగిలించి లాగితే అది ముందుకి జరుగుతుంది, గోడకి ఆనించి నొక్కితే వెనక్కి జరుగుతుంది. బయటి కొలతకీ లోపలి కొలతకీ సున్నా ఎక్కడుండాలో కొక్కేనికే తెలుసన్నమాట. వదులైందని సుత్తితో బిగగొట్టినవాళ్ళు ఆ తర్వాత కొలిచే ప్రతి గూడో, ప్రతి బల్లో ఒక మిల్లీమీటరు తప్పే.

టేపు కాస్త వాలుగా పట్టుకుంటే? 160 సెంటీమీటర్ల దూరంలో అటు కొన పది సెంటీమీటర్లు పైకో కిందికో పోయిందనుకోండి, తప్పు మూడు మిల్లీమీటర్లు. అయిదు సెంటీమీటర్లే వాలితే తప్పు సగం కాదు, పావు వంతు: ముప్పాతిక మిల్లీమీటరు. చిన్న వాలుని కిటికీ క్షమిస్తుంది.

మరి ఎండకి టేపు సాగదా అంటే, సాగుతుంది. ఇరవై డిగ్రీలు వేడెక్కినా మన టేపు ఈ మేర అర మిల్లీమీటరు కూడా సాగదు, మరిచిపోవచ్చు. విలియం లాంబ్టన్ మరిచిపోలేకపోయాడు. దేశాన్ని త్రిభుజాలుగా కొలుచుకుంటూ వచ్చిన ఆయన 1811లో మన గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర ఉక్కు గొలుసుతో భూమ్మీద ఆధార రేఖలు కొలిచాడు. పది కిలోమీటర్ల మేర గొలుసు పరుస్తూ పోయినప్పుడు పది డిగ్రీల ఎండ తేడాని పట్టించుకోకపోతే మీటరుకి పైగా తప్పొస్తుంది. అందుకే గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచేవాడు. తర్వాత ఎవరెస్టు శిఖరానికి పేరైన జార్జ్ ఎవరెస్టు 1818లో ఆయన దగ్గర పనిలో చేరింది మన హైదరాబాద్‌లోనే.

మన కిటికీలో నిజంగా సాగేది యూపీవీసీ ఫ్రేము. ఉక్కు కంటే అయిదారు రెట్లు సాగుతుంది. పడమటెండకి ఇరవై డిగ్రీలు వేడెక్కితే ఈ పొడవున రెండు మిల్లీమీటర్లు. గోడకీ ఫ్రేముకీ మధ్య సందు వదిలి సిలికాన్ నింపేది అందుకే. కాబట్టి బ్లైండు కొలత గోడ నుంచి గోడకి తీయాలి, ఫ్రేము జోలికి పోకూడదు.

వెడల్పు అయింది. ఎత్తు మూడు చోట్లా 120, గొడవ లేదు. ఇక కర్ణాలు. సరైన దీర్ఘచతురస్రమైతే 160కి 120 అన్నప్పుడు కర్ణం 200 రావాలి. మూడు, నాలుగు, అయిదుని నలభైతో హెచ్చవేసినట్టే. మేస్త్రి మూలమట్టం వెనకున్నదీ ఇదే లెక్క. మాకు ఒక కర్ణం 200.9, రెండోది 199.3 వచ్చింది. అంటే రెండు గోడలూ ఒకే పక్కకి కాస్త ఒరిగి నిలబడ్డాయి. దారానికి తాళంచెవి కట్టి వేలాడదీస్తే ఎడమ గోడ పైకి వెళ్ళేసరికి ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి వచ్చినట్టు తేలింది. పదిహేడంతస్తుల మేడకి అంతమాత్రం ఒరుగు అంటే కంగారు పడకండి, ఆ ఒరుగు గిలాబుది!

కుర్రాణ్ణి మళ్ళీ పిలిచాం. అతని భాష సూతులు. అంగుళంలో ఎనిమిదో వంతు సూతు, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. మా 159.6ని ఫోన్లో అంగుళాల్లోకి మార్చి, పైన మిగిలిన ముక్కని వదిలేసి, "బాసఠ్ ఇంచ్, ఛే సూత్" అని రాసుకున్నాడు. కిందికే సవరించాడు, నాకు నచ్చింది. కాగితం మీద మాత్రం మిల్లీమీటర్లలో 1596 అని రాయించాను. చుక్క ఉన్న అంకెలో చుక్క జారిపోయిందంటే కొంప మునుగుతుంది.

బట్ట విషయంలో కోడలికి ముదురు నీలం మీద మనసు. అద్దం ఎండని లోపలికి రానిస్తుంది. ఆ ఎండకి వేడెక్కిన వస్తువులు వెళ్ళగక్కే పరారుణాన్ని మాత్రం బయటికి పోనివ్వదు. నీలం బట్ట ఎండని మింగి గదిలోపలే కుంపటవుతుంది. తెల్లటి వీపున్న బట్ట చాలా వెలుగుని వచ్చినదారినే పంపేస్తుంది. అసలు ఎండని అద్దం బయటే ఆపాలి. మా చిన్నప్పుడు వట్టివేళ్ళ తడికలు గుమ్మం బయట కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. ఇక్కడ బాల్కనీలో తువ్వాలు ఆరేసినా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు, తడికలా? చివరికి లోపలికి నీలం, అద్దం వైపు తెలుపు అని రాజీ కుదిరింది.

పది రోజులకి కొత్త బ్లైండు వచ్చి చక్కగా కూర్చుంది. బట్ట భూమ్యాకర్షణ మాట విని నిటారుగా వేలాడింది. ఎడమ గోడ మాత్రం తన ఒరుగు తనదే అంది. అందుకని ఎడమ పక్క కిందికి పోయేకొద్దీ సందు వెడల్పవుతూ, సాయంత్రం అయిదింటికి సన్నటి వెలుగు త్రిభుజం నేల మీద పడుతోంది. కోడలు అక్కడ మనీప్లాంటు కుండీ పెట్టింది.