ఇల్లాలికి ఇల్లు

‘ఇల్లాలు’ అను మాటలో ఇల్లు ముందున్నది. కాని యింటి దస్తావేజులో తఱచుగా నుండునది మగని పేరో, మామగారి పేరో. యజమానుడు దానిని విక్రయించినను, తాకట్టు పెట్టినను, అందు కాపురముండు భార్య గతి యేమి? ఇందుకు వేర్వేఱు దేశముల శాసనములు చెప్పిన సమాధానములను పోల్చి చూచుట యవసరమని మేము తలంచుచున్నాము.

ఆంగ్లదేశమున నొక భర్త భార్యను విడిచిపోయి, యామె యున్న యింటిని తన కంపెనీకి వ్రాసియీయగా, ఆ కంపెనీ దానిని బ్యాంకునకు తాకట్టు పెట్టెను. భార్య హక్కు భర్తపైననే గాని బ్యాంకుపై చెల్లదని 1965లో ప్రభువుల సభ తీర్పు చెప్పెను. ఆ లోపమును సవరించుటకై 1967లో దాంపత్య గృహ శాసనము వెలసెను. నివాసపు హక్కును ముందుగా నమోదు చేయించినచో కొనువాడును దానికి లోబడవలసినదే. 1996 నాటి కుటుంబ శాసనము ఈ హక్కును నిలిపియున్నది.

ఐర్లండు మఱింత ముందునకు బోయినది. దంపతులలో నొకరు రెండవవారి వ్రాతపూర్వకమైన సమ్మతిని ముందుగా గైకొనక కాపురపుటింటిని విక్రయించినచో, 1976 శాసనము ప్రకార మా విక్రయము సాధారణముగా చెల్లదు. అచ్చట విచారించుకొను భారము కొనువానిదే.

మన దేశమున 2005 నాటి గృహహింస నిరోధ శాసనము, ఆస్తిలో హక్కు లేకున్నను, కాపురమున్న యింట నివసించు హక్కును స్త్రీకి ప్రసాదించెను. కాని యాంగ్ల శాసనము వంటిది మనకు లేదనియు, అత్తగారి యింటిపై కోడలికి హక్కు లేదనియు సుప్రీంకోర్టు 2006లో పలికెను. 2020లో ముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పును త్రోసివైచి, మామగారి సొంత యిల్లైనను కోడలి కాపురపుటిల్లు కావచ్చునని నిర్ణయించిరి. వృద్ధులైన అత్తమామల క్షేమమును గూడ తూచవలెనని వారు చెప్పుట సమంజసమే.

అయినను లోపమొకటి మిగిలియున్నది. విక్రయమును నిషేధించు అధికారము మేజిస్ట్రేటునకు కలదు. కాని హింసకు గుఱియైన స్త్రీ ముందుగా కోర్టు మెట్లెక్కవలెను. ఆమె యెక్కులోపల ఇల్లు చేతులు మాఱవచ్చును. హింస లేక, కేవలము తెలియకుండ ఇల్లు పోగొట్టుకొను భార్యకు ఆ శాసనము దారి చూపదు.

1986లో అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో సమానహక్కు నిచ్చి, 2005 నాటి కేంద్ర సవరణకు దారి చూపినది ఆంధ్రప్రదేశ్ శాసనసభయే. దస్తావేజుల నమోదును గూర్చి శాసించు నధికారము రాష్ట్రములకును కలదు. కాపురపుటింటి విక్రయమునకు దంపతులిరువురి సంతకములును కావలెనని రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభలును విధించుగాక.