డిర్ జాబితాలో లేకపోతే లేనట్టేనా?

పైథాన్ ప్రాంప్టు దగ్గర డిర్ ఫంక్షనుకు బూల్ అనే క్లాసును అందిస్తే తెర మీద పొడుగాటి పేర్ల జాబితా ఒకటి పడుతుంది. అందులో ఎంత వెతికినా ఎంఆర్ఓ అనే పేరు కనిపించదు. సరే లేదనుకుని వదిలేయకుండా, బూల్ పక్కన చుక్క పెట్టి ఎంఆర్ఓను పిలిచి చూస్తే మాత్రం అది నిక్షేపంగా పలుకుతుంది. బూల్, దాని పైన ఇంట్, ఆ పైన ఆబ్జెక్ట్ అంటూ ఆ క్లాసు వంశవృక్షాన్ని వరసగా అప్పజెబుతుంది.

జాబితాలో లేనిది ఎలా పలికింది? దీన్ని పైథాన్‌లోని బగ్ అనుకునేవాళ్లున్నారు. కాదు. డిర్ గురించి ప్రచారంలో ఉన్న అపోహల్లో మొదటిది ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: ఒక ఆబ్జెక్టుకున్న ఆట్రిబ్యూట్లన్నిటినీ డిర్ చూపిస్తుంది.

అంత భరోసా డిర్ ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రాంప్టు దగ్గర కూర్చున్న మనిషికి సౌకర్యంగా ఉండేందుకే ఈ ఫంక్షన్ ఉందనీ, కచ్చితమైన జాబితా కంటే ఆసక్తికరమైన పేర్లు ఇవ్వడానికే ఇది ప్రయత్నిస్తుందనీ పైథాన్ అధికారిక డాక్యుమెంటేషనే చెబుతోంది. క్లాసును అందించినప్పుడు దాని మెటాక్లాసులో ఉన్న పేర్లను డిర్ చూపదు. ఎంఆర్ఓ ఉండేది బూల్‌లో కాదు, బూల్‌ను పుట్టించిన టైప్ అనే మెటాక్లాసులో. అందుకే జాబితాకెక్కలేదు. క్లాసు పేరు చెప్పే డండర్ నేమ్ కూడా ఇలాగే తప్పించుకుంటుంది. (ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లున్న పేర్లను ప్రోగ్రామర్లు డండర్ అని పిలుచుకుంటారు.)

దీనికి తిరగేసిన ఉదాహరణా ఉంది. డిర్‌కు టైప్‌నే అందిస్తే జాబితాలో డండర్ ఆబ్‌స్ట్రాక్ట్‌మెథడ్స్ అనే పేరు దర్జాగా కనిపిస్తుంది. తీరా టైప్‌ను ఆ పేరుతో అడిగితే ఆట్రిబ్యూట్ఎర్రర్ వచ్చి మొహాన పడుతుంది. టిఫిన్ సెంటర్ గోడ మీది బోర్డుకూ వంటింటికీ మధ్య ఉండే తేడానే ఇది. బోర్డు మీద రాసిందల్లా దొరకాలని లేదు, దొరికేదల్లా బోర్డు మీద ఉండాలనీ లేదు.

ఈ జాబితా తీరు కూడా మొదట్నుంచీ ఒకేలా లేదు. 2001 డిసెంబరులో పైథాన్ 2.2 వచ్చేదాకా, ఒక క్లాసు నుంచి తయారుచేసిన ఆబ్జెక్టును డిర్‌కిస్తే ఆ ఆబ్జెక్టు సొంత పేర్లే వచ్చేవి. క్లాసులోనివీ, దాని పై క్లాసులలోనివీ కలిపి చూపడం 2.2తోనే మొదలైంది. ఆబ్జెక్టు సొంత డేటా ఒక్కటే కావాలనుకునేవారికి ఇప్పటికీ వార్స్ అనే ఫంక్షన్ ఉంది. కాకపోతే స్లాట్స్ వాడి డండర్ డిక్ట్ లేకుండా చేసిన ఆబ్జెక్టుల దగ్గర అది టైప్ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది.

అపోహ: డిర్ భాషలోనే ఉన్న ఫంక్షన్ కాబట్టి దాని తీరు మార్చడం మన చేతిలో లేదు.

2008 దాకా ఈ మాట చాలావరకు నిజం. ఆ ఏడాది అక్టోబరులో పైథాన్ 2.6, డిసెంబరులో 3.0 విడుదలయ్యాయి. రెండింటిలోనూ డండర్ డిర్ అనే మెథడ్‌కు చోటిచ్చారు. క్లాసులో ఆ మెథడ్ ఉంటే డిర్ తన సొంత లెక్క పక్కనపెట్టి, ఆ మెథడ్ ఇచ్చిన పేర్లనే తీసుకుంటుంది. అంటే అసలు డిర్ ఫంక్షన్ జోలికి పోనక్కర్లేదు, తన గురించి ఏం చూపాలో ఆబ్జెక్టే చెప్పుకుంటుంది.

ఇంతకీ దాని అవసరం ఎందుకొచ్చింది? పైథాన్‌లో కొన్ని ఆబ్జెక్టులు అడిగినప్పుడు మాత్రమే ఆట్రిబ్యూట్లను తయారుచేసిస్తాయి. డండర్ గెట్‌ఆట్ర్ అనే మెథడ్ ఆ పని చూసుకుంటుంది. అలా పుట్టే పేర్లు ముందుగా ఎక్కడా రాసి ఉండవు కనుక డిర్ కంటికి ఆనవు. వాటిని ప్రకటించుకునే దారే డండర్ డిర్.

పాండాస్ అనే డేటా లైబ్రరీతో పనిచేసేవారంతా దీన్ని తెలియకుండానే రోజూ వాడుతున్నారు. డేటాఫ్రేమ్ అనే దాని టేబుల్ పేరు రాసి చుక్క పెట్టి ట్యాబ్ నొక్కితే మెథడ్‌లతోపాటు నిలువు వరసల పేర్లు కూడా వస్తాయి కదా, అవి అక్కడికి చేరేది ఈ దారిలోనే. ఇందులోనూ షరతులున్నాయి. పైథాన్ పేరుగా చెల్లేవే జాబితాకెక్కుతాయి. మధ్యలో ఖాళీ ఉన్న ‘మొత్తం ధర’ ఎక్కదు. వందలాది వరసలున్న టేబుల్ అయితే మామూలు సెట్టింగులో మొదటి 100 పేర్ల దగ్గరే ఆపేస్తుంది. ఒక వరసకు కౌంట్ అని పేరు పెట్టినవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. జాబితాలో కౌంట్ కనిపిస్తుంది, చుక్క పెట్టి అడిగితే మాత్రం చేతికొచ్చేది కౌంట్ అనే మెథడ్, వరస కాదు. వరస కావాలంటే చదరపు బ్రాకెట్లలో అడగాల్సిందే.

టెస్టుల్లో వాడే మాక్ ఆబ్జెక్టులది మరీ విచిత్రం. దాదాపు ఏ పేరుతో పిలిచినా పలుకుతాయి, కాబట్టి పూర్తి జాబితా అన్న మాటకే అక్కడ అర్థం లేదు. అందుకే మాక్ తన జాబితాను పనికొచ్చే పేర్లకే కుదించి చూపిస్తుంది. అదీ వద్దనుకుంటే ఫిల్టర్_డిర్ అనే స్విచ్చి కట్టేయవచ్చు.

అపోహ: డండర్ డిర్ నుంచి పేరు తీసేస్తే అది ఎవరికీ దొరకదు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. పాస్‌వర్డు ఉన్న ఆట్రిబ్యూట్‌ను జాబితాలోంచి తప్పించి ఊపిరి పీల్చుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. హ్యాస్ఆట్ర్ ఉందనే చెబుతుంది, గెట్ఆట్ర్ తెచ్చి చేతిలో పెడుతుంది. అవి రెండూ డిర్‌ను సంప్రదించనే సంప్రదించవు. పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టడం కూడా తాళం వేయడం కాదు. పైథాన్ 3లో తెలుగు పేర్లూ చెల్లుతాయి కాబట్టి తెలుగులోనే చూడవచ్చు. ‘ఖాతా’ అనే క్లాసు లోపల ‘__నిల్వ’ అని రాస్తే, డిర్ దాన్ని ‘_ఖాతా__నిల్వ’ అని బయటపెట్టేస్తుంది. ఆ పేరుతో అడిగితే విలువా వస్తుంది.

అపోహ: డండర్ డిర్ మెథడ్‌ను ఎక్కడ తగిలించినా పనిచేస్తుంది.

తయారైన ఆబ్జెక్టుకు తగిలిస్తే డిర్ పట్టించుకోదు, అది చూసేది ఆ ఆబ్జెక్టు క్లాసునే. అదే లెక్కన క్లాసు జాబితాను మార్చాలంటే మెథడ్ ఉండాల్సింది మెటాక్లాసులో. ఈనమ్ క్లాసును డిర్‌కిస్తే దాని సభ్యుల పేర్లు పొందికగా రావడం వెనకున్న మెలిక అదే.

మాడ్యూళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. ఇవాన్ లెవ్కివ్‌స్కీ రాసిన పెప్ 562 ప్రతిపాదన మేరకు, 2018లో వచ్చిన పైథాన్ 3.7 నుంచి మాడ్యూల్ ఫైలులోనే మామూలు ఫంక్షన్‌లా డండర్ డిర్ రాసుకోవచ్చు. సైపై వంటి పెద్ద లైబ్రరీకి ఇది బాగా కలిసొచ్చింది. ఉపవిభాగాలను అడిగినప్పుడే లోడ్ చేస్తూ, జాబితాలో మాత్రం అన్నిటినీ ముందే చూపించగలుగుతోంది.

అపోహ: డండర్ డిర్ ఏ వరసలో ఇస్తే డిర్ అదే వరసలో చూపిస్తుంది.

చూపించదు. వచ్చిన పేర్లను లిస్టుగా మార్చి, క్రమంలో పేర్చి మరీ ఇస్తుంది. ఆ క్రమం అక్షరాల కోడ్ నంబర్లది. ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాలు ముందు, ఆ తర్వాత అండర్‌స్కోర్, తర్వాత స్మాల్ లెటర్లు వస్తాయి. తెలుగు పేర్లు వీటన్నిటి వెనకాల నిలబడతాయి. అయితే ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏరిపారేయదు, రెండుసార్లూ చూపిస్తుంది. పై క్లాసు జాబితాకు కొత్త పేర్లు కలిపేటప్పుడు సెట్ వాడమనేది ఇందుకే.

తెలుగు పేర్లతో ప్రయోగాలు చేసేవారికి ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని టైపు చేసినప్పుడు ట, వ కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరమొకటి కూర్చుంటుంది. పైథాన్ పేర్లలో దానికి అనుమతి లేదు, సింటాక్స్ఎర్రర్ వస్తుంది. సెట్ఆట్ర్ మాత్రం ఈ పట్టింపులేవీ పెట్టుకోదు. దాంతో ఆ పేరును ఆబ్జెక్టులో పెడితే డిర్ జాబితాలో కనబడుతుంది, చుక్క పెట్టి పిలవడం మాత్రం కుదరదు.

ఇక డిర్ అంటే బరువైన పని అనే భయం. ప్రాపర్టీ వెనక డేటాబేస్ క్వెరీ ఉంటే డిర్ కొట్టగానే అది నడుస్తుందేమోనని కొందరి సందేహం. మామూలు డిర్ పేర్ల దగ్గరే ఆగుతుంది, విలువల జోలికి పోదు. ఆ అలవాటున్నది ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌మెంబర్స్‌కు. అది డిర్ ఇచ్చిన ఒక్కో పేరునూ పట్టుకుని విలువ అడుగుతుంది, ఆ ఊపులో ప్రాపర్టీలన్నీ నడుస్తాయి. అలా నడవకూడదనుకునేవారి కోసం పైథాన్ 3.11లో గెట్‌మెంబర్స్_స్టాటిక్ అనే ఫంక్షన్‌ను చేర్చారు.